అంబాసిడర్ కారు: మారిన ముఖము, మారని అస్థిపంజరము

ఒక వస్తువును "పూర్తిగా కొత్తగా రూపొందించినాము" అని తయారీదారుడు ప్రకటించినప్పుడు, మనము దేనిని చూచి ఆ మాట నమ్మవలెను? ఇంటికి సున్నము వేసినంత మాత్రాన పునాది బలపడదు. పాత చీరకు కొత్త అంచు కుట్టినంత మాత్రాన నేత మారదు. ఈ సంగతి అందరికి తెలిసినదే. అయినను మోటారు కారు విషయము వచ్చేసరికి మనలో చాలమంది ముందరి జాలీని, దీపముల ఆకారమును, రంగును చూచి, కారు కొత్తదని నిర్ణయించుకొందుము. భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదివినవారు అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఆ ప్రశ్నలను పరీక్షించి చూచుటకు మన దేశములో అంబాసిడర్ కారును మించిన ఉదాహరణ లేదు.

శ్రీకాకుళము నుండి గార మీదుగా కళింగపట్నము వరకు, అటు విజయనగరము వరకు, ఒకప్పుడు కుటుంబములు ఎక్కిన కారు అనగా ఇదే. కలెక్టరుగారు దిగినది ఇందులోనుండియే, పెండ్లికొడుకు దిగినది ఇందులోనుండియే. ఇది సుమారు నాలుగుంబావు మీటర్ల పొడవుగల మధ్యతరహా కారు. అయిదుగురు కూర్చొనుటకు ఉద్దేశించినది. మనవారు ఎనమండుగురిని కూర్చోబెట్టినారు. 1950ల చివరి సంవత్సరముల నుండి 2014 మే నెల వరకు, అనగా అరువది సంవత్సరములకు కొంచెము తక్కువగా, ఇది తయారగుచు వచ్చినది. ఇంత దీర్ఘకాలములో దీనిని పలుమార్లు "కొత్తగా" తెచ్చినారు. ఆ మార్పులలో ఏది నిజమైన మార్పు, ఏది పై పూత అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

పుట్టుక

హిందూస్తాన్ మోటార్స్ సంస్థ 1942లో ఏర్పడినది. దాని కర్మాగారము మొదట గుజరాతు తీరమందలి ఓఖా రేవులో ఉండి, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారినది. బ్రిటనులోని మోరిస్ కంపెనీ నమూనాలను ఆధారముగా చేసికొని ఆ సంస్థ కార్లు తయారుచేసినది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి కారు ఇక్కడ లాండ్‌మాస్టర్ అయినది. 1956లో బ్రిటనులో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు, ఒకటి రెండు సంవత్సరములలోనే, ఇక్కడ అంబాసిడర్ అయినది.

ఆ కాలమునకు అది మంచి నమూనాయే అని మొదటనే ఒప్పుకొనవలెను. పాత కార్లలో బరువైన ఉక్కు చట్రమొకటి కింద ఉండి, దేహమును దానిపై పెట్టి బిగించెడివారు. ఆక్స్‌ఫర్డ్ కారులో చట్రము, దేహము ఒకటే. వంచిన ఉక్కు రేకులను అతికి చేసిన పెట్టెయే బరువును మోయును. కోడిగ్రుడ్డు పెంకు పలుచనిదైనను దాని ఆకారము వలన బరువు భరించగలుగుచున్నది కదా! ఇది ఆ సూత్రమే. ముందు చక్రములు రెండును స్వతంత్రముగా లేచి దిగుటకు మెలిపడు కడ్డీలు స్ప్రింగులుగా పనిచేయును. స్టీరింగు పళ్ళచక్రము, పళ్ళకడ్డీల జతతో నడుచును. వెనుక ఇరుసు మాత్రము ఎడ్లబండివలె ఒకే దూలము; దానికి పట్టీ స్ప్రింగులు. ఎత్తయిన పైకప్పు, విశాలమైన వెనుక సీటు, గతుకులకు తట్టుకొను ఎత్తు ఉండుట వలన మన మార్గములకు ఈ కారు చక్కగా సరిపోయినది.

మార్పుల జాబితా

ఇక తరువాత జరిగిన మార్పులు చూడుము. 1963లో మార్క్ 2 వచ్చినది. ముందరి జాలీ మారినది. లోపల మీటర్ల పలక మారినది. 1975లో మార్క్ 3 వచ్చినది. మరల జాలీ మారినది. 1979లో మార్క్ 4 వచ్చినది. ఈసారి కూడ కారు ముఖమే మారినది. 1990లో నోవా అను పేరు పెట్టినారు. అన్నిటిలోను తలుపులు, పైకప్పు, నేల, చక్రముల మధ్య దూరము దాదాపు మొదటివే. 1960 నాటి కారును, 1990 నాటి కారును పక్కపక్కన నిలిపి ముందుభాగములకు దుప్పటి కప్పినచో, రెంటికి తేడా చెప్పుట కష్టము.

ఇంజను విషయములో కొంత నిజమైన మార్పు జరిగినది. తొలి కార్లలో కవాటములు సిలిండరు పక్కన ఉండెడివి. 1959లో కవాటములు పైన ఉండు 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. కవాటములు పైన ఉన్నప్పుడు దహనగది చిన్నదిగా, గుమికూడినట్లుగా ఉండును. మిశ్రమమును ఎక్కువగా నొక్కవచ్చును. కాబట్టి అదే పెట్రోలునుండి ఎక్కువ పని లభించును. ఇది ఉష్ణగతిశాస్త్రము చెప్పు మార్పు, అలంకారము కాదు. 1980కి అటూ ఇటుగా డీజిలు ఇంజను చేరినది. 1990ల మొదట జపాను దేశపు ఇసుజు సంస్థ రూపొందించిన 1.8 లీటర్ల ఇంజను, దానితోపాటు అయిదు గేర్ల పెట్టె వచ్చినవి. ఇంజను మూడు దశాబ్దములకు పైగా దాదాపు ఒకటే ఉండి, ఒక్కసారిగా బలపడినది. కాని ఎక్కువ బలమైన ఇంజను అనగా ఎక్కువ వేగము. వేగము పెరిగినప్పుడు బ్రేకులు, దేహము, లోపలివారి రక్షణ కూడ పెరుగవలెను. ఇక్కడనే మన విమర్శ మొదలగుచున్నది.

1959 సంవత్సరము

కారు చరిత్రలో 1959 విశేషమైన సంవత్సరము. ఆ సంవత్సరము బ్రిటనులో ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి తయారీ ముగిసి, దాని స్థానమున కొత్త దేహముగల కారు వచ్చినది. స్వీడనులో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు పట్టీ అమ్మకపు కార్లలో ప్రవేశించినది. జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ ఇంజనీరు బేలా బారేన్యి భావన ననుసరించి, ఢీకొన్నప్పుడు ముందు వెనుక భాగములు నలిగి నడిమి గది నిలిచియుండు కారు రోడ్డుపైకి వచ్చినది. ఈ మూడును ఒకే సంవత్సరము జరిగినవి. అనగా అంబాసిడర్ నమూనాను దాని పుట్టినింటివారు విరమించుకొన్న సంవత్సరమే, కారు నిర్మాణములో కొత్త యుగము ఆరంభమైనది. ఆ నమూనా మాత్రము మన దగ్గర ఇంకను 55 సంవత్సరములు సాగినది.

నలుగుట ఎందుకు మంచిది?

ఈ ప్రశ్నకు తొమ్మిదవ తరగతి లెక్క చాలును. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అది సెకనుకు సుమారు 16.7 మీటర్లు. కారు బరువు 1,200 కిలోలైనచో దాని గతిశక్తి దాదాపు 1,67,000 జౌళ్ళు. వేగము 80కి పెరిగినచో గతిశక్తి 2,96,000 జౌళ్ళగును. వేగము మూడవవంతు పెరిగినది. శక్తి మాత్రము ముప్పాతికకు పైగా పెరిగినది. గతిశక్తి వేగవర్గముపై ఆధారపడుటయే దీనికి కారణము. 60 కిలోమీటర్ల వేగముతో గోడను ఢీకొనుట, 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి పడుటతో సమానము.

ఈ శక్తి ఎక్కడికో ఒక చోటికి పోవలెను. ముందుభాగము 60 సెంటీమీటర్లు నలిగి కారు ఆగినదనుకొందము. సగటు రుణత్వరణము, వేగవర్గమును రెట్టింపు దూరముతో భాగించగా, సెకను వర్గమునకు సుమారు 230 మీటర్లు. అది గురుత్వ త్వరణమునకు 24 రెట్లు. ముందుభాగము మొండిగా ఉండి 20 సెంటీమీటర్లలోనే ఆగినచో అది 71 రెట్లగును. 60 కిలోల మనిషిపై మొదటి సందర్భములో పడు బలము సుమారు 1,400 కిలోల బరువంత. రెండవ సందర్భములో 4,200 కిలోల బరువంత. మనిషి అదే, వేగము అదే. ఆగిన దూరము మాత్రమే వేరు.

ఇంకొక సంగతి. పట్టీ కట్టుకొన్నవాడే కారుతోపాటు ఆ 60 సెంటీమీటర్ల దూరమును ఉపయోగించుకొనగలడు. పట్టీ లేనివాడు, కారు ఆగిపోయిన తరువాత కూడ, జడత్వము వలన అదే వేగముతో ముందుకు పోయి, ఎదుటి పలకను తాకి, కొద్ది సెంటీమీటర్లలోనే ఆగును. అది అయిదు సెంటీమీటర్లైనచో రుణత్వరణము గురుత్వమునకు 280 రెట్లు దాటును. తల్లి ఒడిలోనున్న పదికిలోల బిడ్డ సంగతి ఆలోచింపుడు. కారు 60 సెంటీమీటర్లు నలిగి మెత్తగా ఆగినను, ఆ బిడ్డను పట్టి నిలుపుటకు కావలసిన బలము 236 కిలోల బరువంత. ఏ తల్లి చేతులకును అంత బలము ఉండదు. ప్రేమ చాలక కాదు. కండరములకు సాధ్యము కాక. ముందు సీటులో బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చొను అలవాటు మన ప్రాంతములో నేటికిని ఉన్నది. ఈ ఒక్క లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపినచో ఆ అలవాటు కొన్ని ఇండ్లలోనైన మానిపోవును.

"పాత ఇనుము గట్టిది" అను నమ్మకము

"ఆ కాలపు కారు ఇనుపకోట, ఈ కాలపుది డబ్బా రేకు" అని పెద్దలు అనుచుందురు. గుద్దుకొన్నప్పుడు పాతకారు బంపరుకు సొట్ట పడదనియు, కొత్తకారు ముక్కు నుజ్జగుననియు వారు రుజువు చూపుదురు. వారు చూచినది నిజము. చేసిన నిర్ణయము తప్పు. సొట్ట పడని కారు తాను తీసికొనని శక్తిని లోపలివారికి అప్పగించినది.

దీనిని అమెరికాలో ప్రయోగపూర్వకముగ చూపినారు. అక్కడి బీమా సంస్థలు రహదారి భద్రత కొరకు నెలకొల్పిన పరిశోధన సంస్థ 2009లో తన ఏబదవ వార్షికోత్సవమున రెండు కార్లను ఎదురెదురుగా ఢీకొట్టించినది. ఒకటి 1959 నాటి షెవ్రొలే బెల్ఎయిర్. రెండవది 2009 నాటి షెవ్రొలే మాలిబు అను మధ్యతరహా కుటుంబపు కారు. రెంటి వేగము గంటకు సుమారు 64 కిలోమీటర్లు. పాతకారులో డ్రైవరు కూర్చొను గదియే కూలిపోయినది. కొలతల బొమ్మకు తగిలిన దెబ్బలు మనిషికైనచో ప్రాణాంతకములు. కొత్తకారు ముందుభాగము నలిగిపోయినది, గది నిలిచినది. అందులోని బొమ్మకు ముఖ్యముగా కాలికి దెబ్బ తగులు సూచన మాత్రమే కనబడినది.

మన తీరమువారికి ఈ సూత్రములోని సగము భాగము పూర్వమునుండియే తెలియును. కళింగపట్నము రేవులో ఓడలు దూరముగా లంగరు వేయగా, సరకును కెరటముల మీదుగా ఒడ్డుకు చేర్చవలసివచ్చెడిది. అటువంటి పనికి ఈ తూర్పు తీరమున మేకులు కొట్టని కుట్టు పడవలు వాడినారు. పలకలను కొబ్బరి తాటితో కుట్టుట వలన, కెరటము విసిరి ఇసుకపై కొట్టినప్పుడు పడవ దేహము కొంచెము ఒదిగి, తిరిగి నిలుచును. మేకులతో బిగించిన మొండి పడవ పగులును. భేదమేమనగా, పడవ ఒదిగి మరల పూర్వరూపము పొందును, అది స్థితిస్థాపకత. కారు ముందుభాగము నలిగి అట్లే ఉండిపోవును, అనగా శక్తిని తిరిగి ఇయ్యదు. కాని దెబ్బకు ఎదురు నిలుచుట కంటె దెబ్బను సాగదీయుట మేలు అను తెలివి రెంటిలోను ఒకటే. అంబాసిడర్ ఈ భావన కార్ల నిర్మాణములో స్థిరపడుటకు ముందే గీసిన నమూనా. తరువాతి యాబది సంవత్సరములలో ఆ మూల నిర్మాణమును విప్పి మరల గీయకపోవుటయే దాని పునఃరూపకల్పనలలోని ప్రధాన లోపము. జాలీకి ఖర్చుపెట్టిన బుద్ధి జాలీ వెనుకనున్న రేకులకు చేరలేదు.

బ్రేకులు

గతిశక్తిని ఉష్ణముగా మార్చు యంత్రమే బ్రేకు. అంబాసిడర్‌కు చాలకాలము నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే ఉండెడివి. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు చివరి దశలోనే వచ్చినవి. డ్రమ్ము ఒక మూతపెట్టిన గిన్నె వంటిది. లోపలి నుండి రుద్దుకొను దిమ్మలు పుట్టించిన వేడి త్వరగా బయటికి పోదు. వేడెక్కిన దిమ్మలకు ఘర్షణ గుణకము తగ్గును. డ్రమ్ము వ్యాకోచించి దిమ్మలనుండి దూరమగును. డిస్కు అయినచో గాలిలో బహిరంగముగా తిరుగు పళ్ళెము. వేడిని త్వరగా వదలును.

సమతలముపై ఇది అంతగా తెలియదు. అరకు నుండి అనంతగిరి ఘాటు మార్గమున దిగినప్పుడు తెలియును. మనుషులతో కూడ 1,500 కిలోల బరువున్న కారు సుమారు 900 మీటర్ల ఎత్తు దిగినప్పుడు కోల్పోవు స్థితిశక్తి 132 లక్షల జౌళ్ళు. అదే కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమునుండి ఒకసారి ఆగుటకు వదలవలసిన శక్తి 3.7 లక్షల జౌళ్ళు. అనగా ఘాటు దిగుట, 80 వేగమునుండి 35 సార్లు ఆగుటతో సమానము. ఇందులో కొంత భాగమును చిన్న గేరులో నడుచు ఇంజను, కొంత గాలి, టైర్లు తీసికొనును, మిగిలినది బ్రేకులదే. కారును పునఃరూపకల్పన చేసినవారు ఈ లెక్కను జాలీ కంటె ముందు వేయవలసియుండెను.

కొత్త చొక్కా, పాత గుండె

ఈ లోపము ఒక్క అంబాసిడర్‌దే కాదని చెప్పుట న్యాయము. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడ మన దేశములో జరిగినది. 1984లో అదే సంస్థ కాంటెస్సా అను పెద్ద కారు తెచ్చినది. దాని దేహము బ్రిటనులోని వాక్స్‌హాల్ విక్టర్ కారుది. ఇంజను మాత్రము మొదట అంబాసిడర్‌లోని పాత 1,489 ఘన సెంటీమీటర్లదే. చూచుటకు రాజసము, ఎక్కుడులో ఆయాసము. తరువాత ఇసుజు ఇంజను పెట్టిన పిమ్మటనే ఆ కారుకు ప్రాణము వచ్చినది. 1985లో మద్రాసునుండి వచ్చిన స్టాండర్డ్ 2000 కారు కథ ఇంకను విచారకరము. రోవరు కంపెనీవారి నవీనమైన దేహములో వాన్‌గార్డ్ కాలపు పాత ఇంజను పెట్టినారు. కొన్ని సంవత్సరములకే దాని తయారీ నిలిచిపోయినది. కారు అనునది అంగములన్నియు ఒకదానిపై ఒకటి ఆధారపడు వ్యవస్థ. ఒక అంగమును మార్చి, దానికి తగినట్లు మిగిలినవానిని సవరింపనిచో మొత్తము కుంటుపడును.

ఉప్పుగాలి పరీక్ష

సముద్రతీరవాసులకు ఇంకొక ప్రశ్న అతి ముఖ్యము: ఈ కారు తుప్పును ఎట్లు ఎదుర్కొనును? వంశధార సముద్రములో కలియు కళింగపట్నము వంటి చోట, కెరటములు విరిగినప్పుడు లేచు సన్నని తుంపర ఉప్పును గాలిలో మోసికొనివచ్చును. ఆ ఉప్పు రేకుపై పడి తేమను పీల్చి, పలుచని విద్యుద్విశ్లేష్యపు పొరగా మారును. అప్పుడు రేకు ఉపరితలమే చిన్న చిన్న విద్యుత్ ఘటములుగా పనిచేయును. ఒక చోట ఇనుము ఎలక్ట్రానులను కోల్పోయి కరగును. వేరొక చోట గాలిలోని ఆక్సిజను వానిని గ్రహించును. క్లోరైడు అయానులు ఈ చర్యను వేగిరపరచును.

బరువైన చట్రము వేరుగా ఉన్న లారీకి పై రేకు తుప్పుపట్టినచో అందము చెడును. ఏకదేహ నిర్మాణముగల కారుకు రేకు తుప్పుపట్టినచో ఎముక అరిగినట్లే. ముఖ్యముగా తలుపుల కింది గొట్టము వంటి భాగములలోను, నేల అతుకులలోను నీరు చేరి, బయటికి కనబడకుండ లోపలినుండి తినివేయును. పైన రంగు మెరయుచునే ఉండును. దీనికి విరుగుడు రేకుకు జింకు పూత. ఇనుము కంటె జింకు చురుకైన లోహము. గీత పడిన చోట కూడ జింకు తాను కరిగి ఇనుమును కాపాడును. రంగు పూత ఆ పని చేయలేదు. గీత పడిన వెంటనే దాని రక్షణ పోవును. దేహమునంతటిని తొట్టెలో ముంచి విద్యుత్తు సహాయముతో మూలమూలలకు ప్రాథమిక పూత పట్టించుట, నీరు పోవుటకు రంధ్రములుంచుట కూడ అవసరము. కొత్త కారును చూడబోవువాడు తలుపు తెరచి కింది అంచును, చక్రము పైకప్పు లోపలిభాగమును చూడవలెను. రంగు ఎంత మెరయుచున్నదో తరువాత చూడవచ్చును.

గాలి మాట

గుండ్రని ఆకారమును చూచి కొందరు అంబాసిడర్ గాలిని బాగుగా చీల్చుననియు, మరికొందరు అది గాలికి గోడవంటిదనియు అందురు. వేగము చెప్పకుండ ఈ వాదమునకు అర్థము లేదు. ఉదాహరణకు, 1,500 కిలోల కారుకు టైర్ల దొర్లుడు నిరోధము బరువులో నూటికి ఒకటిన్నర వంతు అనుకొన్నచో అది 220 న్యూటన్లు. ముందరి వైశాల్యము రెండు చదరపు మీటర్లు, నిరోధ గుణకము 0.5 అనుకొన్నచో, గంటకు 50 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము సుమారు 116 న్యూటన్లు. 100 కిలోమీటర్ల వేగమున 463 న్యూటన్లు. అనగా గార రోడ్డుపై నెమ్మదిగా పోవు కారుకు ఆకారము కంటె టైరు ముఖ్యము. జాతీయ రహదారిపై వేగముగా పోవు కారుకు టైరు కంటె ఆకారము ముఖ్యము. 1960ల రోడ్లపై అంబాసిడర్ ఆకారము పెద్ద దోషము కాదు. రోడ్లు మారి వేగము పెరిగిన తరువాత కూడ అదే ఆకారము ఉండుట దోషము.

ఎందుకిట్లు జరిగినది?

ఇంజనీర్లకు శక్తి లేక కాదు. ఆనాడు కారు తయారీకి ప్రభుత్వ లైసెన్సు కావలెను, దిగుమతులు నిషిద్ధప్రాయములు, పోటీ స్వల్పము. డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియుండు కొనుగోలుదారు ఉన్నప్పుడు, కొత్త అచ్చులపై కోట్లు ఖర్చుపెట్టుటకు ఎవరికి తొందర? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. 1993లో, పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉన్న కాలమున, కార్ల పరిశ్రమకు లైసెన్సు తొలగినది. అప్పటినుండి పోటీ తీవ్రమైనది. 2013-14 సంవత్సరములో అంబాసిడర్ అమ్మకము సుమారు 2,200 కార్లకు దిగినది. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారము ఆగినది.

మారకపోవుట వలన లాభము కూడ ఉండెనని మరువరాదు. ప్రతి పట్టణమున మరమ్మతు తెలిసిన మెకానిక్కు, ప్రతి అంగడిలో విడిభాగములు దొరికినవి. దారిలో ఆగిన కారును చెట్టుకింద బాగుచేసికొని పోవచ్చును. కాని మూల నిర్మాణమును మెరుగుపరచుచునే మరమ్మతును సులభముగా ఉంచుట అసాధ్యము కాదు. ఒకటి కావలెనన్న రెండవది వదులుకొనవలెనని ఏ శాస్త్రము చెప్పలేదు.

నేటి కార్లను చూచు విధము

అంబాసిడర్ పోయినది గాని, ముఖమును చూచి నిర్ణయించు అలవాటు పోలేదు. 2014 జనవరిలో అంతర్జాతీయ పరీక్షాసంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశపు అయిదు చిన్న కార్లను 64 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టి చూచినది. గాలిసంచులు లేని ఆ అయిదింటికిని పెద్దల రక్షణ విషయములో ఒక్క నక్షత్రము కూడ రాలేదు. అవి అన్నియు చూచుటకు ముచ్చటైన కొత్త కార్లే. అందులో ఒకటైన వోక్స్‌వాగన్ పోలో కారును రెండు గాలిసంచులతో మరల పరీక్షింపగా నాలుగు నక్షత్రములు వచ్చినవి. ఆ కారు దేహము మొదటి పరీక్షలోనే నిలిచియుండుట వలన గాలిసంచులు తమ పని చేయగలిగినవి. గది కూలిపోవు కారులో ఎన్ని సంచులు పెట్టినను ప్రయోజనము అంతంత మాత్రమే.

తరువాత చట్టము ముందుకు నడచినది. ముందు సీట్లకు పట్టీలు అమర్చుట 1994 నుండియే తయారీదారుల విధి. 2017 అక్టోబరు నుండి కొత్త నమూనాలకు, 2019 అక్టోబరు నుండి అన్ని కార్లకు ఢీకొను పరీక్షలు తప్పనిసరియైనవి. 2022 జనవరి నుండి ముందు సీట్లు రెంటికిని గాలిసంచులు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్షావిధానము అమలులోనికి వచ్చి, పెద్దలకు, పిల్లలకు వేరువేరుగా నక్షత్రములు ఇచ్చుచున్నది. ఇందులో పాల్గొనుట కంపెనీల ఇష్టము, కాబట్టి "ఈ కారుకు ఎన్ని నక్షత్రములు? పిల్లల రక్షణకు ఎన్ని?" అని అడుగవలసినవాడు కొనువాడే. 2019లో మన రాష్ట్రమున పెనుకొండ దగ్గర కియా సంస్థ పెద్ద కార్ల కర్మాగారము నెలకొల్పినది. కారు ఇప్పుడు మనము కొను వస్తువు మాత్రమే కాదు, మన పిల్లలు తయారుచేయు వస్తువు కూడ. ఈ ప్రశ్నలు వారికి పాఠశాలలోనే పరిచయము కావలెను.

ఉపాధ్యాయులు రెండు సులభమైన ప్రయోగములు చేయించవచ్చును. మొదటిది: రెండు గాజు గ్లాసులలో సముద్రపు నీరు పోసి, ఒకదానిలో మామూలు ఇనుపమేకును, రెండవదానిలో జింకు పూతగల మేకును ఆకురాతితో ఒక చోట గీసి వేయుడు. వారము దినములు ప్రతిదినము చూచి వ్రాసికొనుడు. గీత దగ్గర తుప్పు ఎంత పట్టినదో గమనింపుడు. రెండవది: ఒకే బరువుగల రెండు చిన్న బండ్లను ఒకే వాలుపై ఒకే ఎత్తునుండి గోడవైపు వదలుడు. ఒకదాని ముందు కాగితపు గొట్టములు, రెండవదాని ముందు చెక్కముక్క అమర్చి, రెంటిపైన ఒక్కొక్క కోడిగ్రుడ్డును రబ్బరు పట్టీతో కట్టుడు. తరువాత పట్టీ లేకుండ మరల చేయుడు. ఎన్నిసార్లు ఏ గ్రుడ్డు పగిలినదో పట్టిక వేయుడు. ఒక్కసారి చేసి నిర్ణయింపరాదు. కనీసము పదిసార్లు చేయవలెను.

ఇట్టి ప్రయోగము చేసిన విద్యార్థి ఇంటివారు కారు కొనబోవునప్పుడు ఊరకుండడు. ముందు సీటులో తల్లి ఒడినున్న చెల్లెలిని వెనుకకు పంపి, పిల్లల సీటులో కూర్చోబెట్టి పట్టీ కట్టించును. కొత్త నమూనా ప్రకటనలో జాలీ బొమ్మను చూచి, దాని వెనుక ఏమున్నదని అడుగును. అట్లు అడుగువారు పెరిగినప్పుడు, తయారీదారులు కూడ జాలీతో ఆగిపోవుటకు వీలుండదు.